నీడను వెంట తీసుకెళ్లేవారి బాధ్యత

ఒంటెల బిడారును అరబ్బీలో ‘ఖాఫిలా’ అంటారు. ఆ మాట ధాతువుకు ‘తిరిగి రావడం’ అని అర్థం. ఎడారిలోకి బయల్దేరినవారు క్షేమంగా తిరిగి రావాలన్న ఆశతోనే ఆ పేరు పెట్టారని నిఘంటుకారులు చెబుతారు. ఫార్సీ నుంచి ఉర్దూలోకి వచ్చిన ‘కార్వాన్’ కూడా అదే అర్థంలో వాడతారు. ఈ రెండు మాటల్లోనూ ఉన్నది ఒక గుంపు. ఒంటరిగా వెళ్లేవాణ్ణి ఎవరూ కార్వాన్ అనలేదు. ఒకరి తోలుతిత్తిలో నీళ్లు అయిపోతే మరొకరి తిత్తి నుంచి పోసేవారు. ఒకరి ఒంటె కూలబడితే మరొకరు తన ఒంటెపై చోటిచ్చేవారు.

ఇప్పుడు అదే మాట ఒక బండికి పేరైంది. తెలుగువారికి సినిమా తారలు షూటింగుల్లో విశ్రాంతి తీసుకునే బండిగా ‘కారవాన్’ పరిచయం. పడక, వంటగది, మరుగుదొడ్డి, నీళ్ల ట్యాంకు, ఏసీ అన్నీ అందులోనే ఉంటాయి. కేరళ ప్రభుత్వం 2021లో ఇలాంటి బండ్లతో పర్యాటక విధానాన్నే ప్రకటించింది. మండు వేసవిలో ఎడారి గుండా వెళ్లినా, లోపల ఉన్నవారికి బయటి ఎండ తెలియకుండా ప్రయాణం సాగిపోతుంది.

ప్రియమైన పాఠకులారా! ఇక్కడ ఒక ప్రశ్న పుడుతుంది. తన ఇంటిని, తన నీళ్లను, తన నీడను వెంట తీసుకెళ్లేవాడు దారిలో ఎవరికైనా బాకీ పడి ఉంటాడా? ‘నా డబ్బుతో కొనుక్కున్నాను, ఎవరినీ అడగలేదు, ఎవరికీ అడ్డం రాలేదు’ అంటే సరిపోతుందా?

మొదట ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. సుఖంగా ప్రయాణించడం పాపం కాదు. ప్రయాణంలో నమాజును కుదించుకునే సౌలభ్యాన్ని, ఉపవాసాన్ని వాయిదా వేసుకునే అనుమతిని ధర్మమే ఇచ్చింది. దివ్య ఖుర్ఆన్‌లో నహ్ల్ సూరా 80, 81 ఆయతులు చూడండి. ప్రయాణాల్లో తేలిగ్గా మోసుకుపోగల తోలు గుడారాలను, నీడలను, వేడి నుంచి కాపాడే దుస్తులను అల్లాహ్ తన అనుగ్రహాల్లో లెక్కించాడు. నాటి తోలు గుడారం స్థానంలో నేడు చక్రాల ఇల్లు వచ్చింది. అనుగ్రహాన్ని వాడుకోవడంలో తప్పు లేదు. దానికి కృతజ్ఞత ఏమిటన్నదే మన ముందున్న ప్రశ్న.

ఏసీ చల్లదనాన్ని పుట్టించదు. లోపలి వేడిని లాగి బయటికి తోస్తుంది. ఇంజను వేడి అదనం. అంటే లోపల మనం అనుభవించే చల్లదనానికి బయట ఎక్కడో అంత వేడి పెరుగుతోంది. ఆ వేడి ఎవరి మీద పడుతోందో అద్దం మూసుకున్నవాడికి కనిపించదు. డబ్బు చెల్లించినంత మాత్రాన లెక్క తీరిపోలేదనడానికి ఇదొక చిన్న గుర్తు.

మన భోగాపురంలో ఎడారి లేదు కదా అని ఎవరైనా అనవచ్చు. చెమట ఆరితేనే శరీరం చల్లబడుతుంది. సముద్రపు తేమ నిండిన గాలిలో చెమట తొందరగా ఆరదు. అందుకే ఎడారి కంటే తక్కువ ఉష్ణోగ్రతలోనూ మన తీరంలో వడదెబ్బ తగులుతుంది. 2015 మే నెల వడగాడ్పులకు ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే 1,300 మందికి పైగా మరణించారు. చెన్నై, కోల్‌కతాలను కలిపే 16వ నంబరు జాతీయ రహదారి భోగాపురం మీదుగానే పోతుంది. ఆ దారిన ఏసీ బండ్లు పోతుంటాయి. దారి పక్కనే ముంజలు, కొబ్బరి బోండాలు అమ్ముకునేవారు కూర్చుంటారు. ఇక్కడి విమానాశ్రయానికి 2023 మే 3న శంకుస్థాపన జరిగింది. ఎందరో కూలీలు ఆ పనుల్లో వేసవులు గడిపారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి ఫిట్టర్లుగా, వెల్డర్లుగా గల్ఫ్‌కు వెళ్లినవారు అసలు ఎడారి ఎండనే చూశారు. ఆ ఎండ తీవ్రత వల్లనే సౌదీలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల దాకా బయట ఎండలో పని చేయించడాన్ని నిషేధించారు. ఖతర్‌లో 2021 నుంచి ఆ నిషేధం ఉదయం 10 గంటలకే మొదలవుతోంది.

2024 హజ్‌ను గుర్తు చేసుకుందాం. జూన్ 17న మక్కాలో ఉష్ణోగ్రత 51.8 డిగ్రీలకు చేరింది. ఆ హజ్‌లో 1,301 మంది మరణించారని సౌదీ ప్రభుత్వం ప్రకటించింది. వారిలో 83 శాతం మంది అనుమతి పత్రం లేకుండా వచ్చి, నీడా వసతీ లేక ఎండలో చాలా దూరం నడిచినవారు. ఒకే సమయంలో, ఒకే దారిలో కొందరు ఏసీ బస్సుల్లో, మరికొందరు కాలినడకన వెళ్లారు. ‘వాళ్లు నిబంధన ఉల్లంఘించారు’ అంటారు. నిజమే, ప్రాణాలు కాపాడటానికి పెట్టిన నిబంధనను పాటించాల్సిందే. కానీ నిబంధన తప్పినవాడి గొంతు కూడా ఎండుతుంది. అతనికి నీళ్లివ్వాల్సిన బాధ్యత ఆ కారణంగా రద్దు కాదు.

తౌబా సూరా 60వ ఆయతులో జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాల్లో ‘ఇబ్నుస్సబీల్’, అంటే బాటసారి కూడా ఉన్నాడు. ఇంటి దగ్గర ఆస్తిపరుడైనా, ప్రయాణంలో చేతిలో ఏమీ లేనివాడైతే అవసరం మేరకు జకాత్ తీసుకోవచ్చని ధర్మవేత్తలు వివరించారు. ఎంత లోతైన మాట! దారి మనిషి హోదాను క్షణంలో మార్చేస్తుంది. ఎడారి మధ్య ఇంజను ఆగిపోతే కోటి రూపాయల బండి కాసేపట్లో కొలిమి అవుతుంది. అప్పటిదాకా ఎవరి అవసరమూ లేదనుకున్నవాడు అటుగా వచ్చే లారీ డ్రైవరు వైపు చేయి చాస్తాడు. కాబట్టి మన స్వయంసమృద్ధి ఇంజను నడిచినంత సేపే. బయటివాడు, లోపలివాడు ఇద్దరూ బాటసారులే.

ఒక ప్రయాణంలో దైవప్రవక్త (స) తన సహచరులకు, అదనపు వాహనం ఉన్నవారు లేనివారికి ఇవ్వాలని, అదనపు ఆహారం ఉన్నవారు కూడా అలాగే చేయాలని బోధించారు. మిగులు మీద మాకు హక్కే లేదేమో అనిపించిందని హజ్రత్ అబూ సయీద్ ఖుద్రీ (ర) చెప్పిన ఈ సంగతి సహీహ్ ముస్లింలో ఉంది. దారిలో మిగులు నీళ్లుండి బాటసారికి ఇవ్వనివాడు ప్రళయదినాన దైవకృపకు దూరమవుతాడన్న హెచ్చరిక బుఖారీ గ్రంథంలో ఉంది.

ఖలీఫా హారూన్ రషీద్ భార్య జుబైదా రాణి. ఆమెకు నీడకూ నీళ్లకూ లోటేముంది? అయినా కూఫా నుంచి మక్కా వెళ్లే దారి పొడవునా యాత్రికుల కోసం బావులు, చెరువులు, విడిదులు నిర్మింపజేశారు. అందుకే ఆ దారి నేటికీ ఆమె పేరుతోనే పిలవబడుతోంది. మన తెలుగునేలపై ఎండాకాలంలో వెలిసే చలివేంద్రం కూడా అలాంటి సంప్రదాయమే. అక్కడ కుండ దగ్గర నిలబడినవాణ్ణి ఏ ఊరని, ఏ మతమని అడగరు.

కనుక ఈ వేసవిలో ప్రయాణం పెట్టుకున్నవారు కొన్ని పనులు చేయవచ్చు. మనకు చాలినన్ని నీళ్లతో పాటు పరాయివాడి కోసం మరో క్యాను పెట్టుకుందాం. దారిలో ఆగిన బండి కనిపిస్తే వేగం తగ్గించి కుశలం అడుగుదాం. మనం హోటల్లో చల్లగా భోంచేస్తున్నప్పుడు బండి నడిపే డ్రైవరును ఎండలో కూర్చోబెట్టకుండా మనతో పాటు లోపలికి పిలుద్దాం. ముంజలమ్మే అవ్వ దగ్గర రెండు రూపాయల కోసం బేరమాడకుండా ఉందాం. ఊళ్లో చలివేంద్రం పెడితే ఒక పూట కుండ నింపే పని మనం తీసుకుందాం.

బండి మారినా బాధ్యత మారలేదు. అద్దం బయట ఉన్నవారు కూడా మన ఖాఫిలాలోని వారే. వారందరూ క్షేమంగా ఇల్లు చేరాలని కోరుకునే మనసును, అందుకు పూనుకునే శక్తిని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.