అందరికీ ఒకే పన్ను – అది న్యాయమేనా?



కర్ణాటకలోను, మహారాష్ట్రలోను ఉద్యోగము చేయుచున్న మనవారు తమ జీతపు చీటీలో వృత్తి పన్ను అను కోతను చూచియుందురు. నెలకు 200 రూపాయలు, ఫిబ్రవరిలో 300, వెరసి ఏడాదికి 2,500. చిన్న మొత్తమే గనుక దానిని గూర్చి ఎవరును ఆలోచించరు. అయితే ఆ చిన్న కోతలో పెద్ద నీతి ప్రశ్న ఒకటున్నది.

నెలకు 30,000 జీతముగల గుమాస్తా 2,500 చెల్లించును. నెలకు మూడు లక్షలు తీసికొను మేనేజరును అంతే చెల్లించును. లెక్కవేసినయెడల గుమాస్తాకు నూటికి సుమారు 70 పైసలు, మేనేజరుకు 7 పైసలు మాత్రమే. చట్టము దృష్టిలో కంపెనీ కూడ ఒక వ్యక్తియే గనుక, కోట్లు గడించు కంపెనీకిని ఈ పన్ను 2,500 మించదు.

దీనికి కారణము రాజ్యాంగములోని 276వ అధికరణము. 1950లో అది 250 రూపాయల పరిమితి పెట్టెను. 1988లో 60వ సవరణ దానిని 2,500 చేసెను. అటుతరువాత జీతములు, ధరలు ఎంత పెరిగినవో మనమెరుగుదుము. పరిమితి మాత్రము కదలలేదు. దీనిని 12,000 చేయుమని 14వ ఆర్థిక సంఘము, 18,000 చేయుమని 15వ ఆర్థిక సంఘము సిఫారసు చేసినవి.

అందరును ఒకే మొత్తమిచ్చుటే సమానత్వము కాదా అని కొందరు అడుగుదురు. నిర్గమకాండము 30వ అధ్యాయములో ధనికునికిని బీదకును అర తులమే గదా అందురు. నిజమే. అది ప్రాణమునకు చెల్లించిన ప్రాయశ్చిత్త ధనము. దేవుని యెదుట అందరి ప్రాణము ఒకే విలువ గలది. అయితే లేవీయకాండము 5వ అధ్యాయము చూడుడి. గొఱ్ఱెపిల్లను తేలేనివాడు రెండు గువ్వలు, అదియు చేతకానివాడు కొంచెము పిండి తేవచ్చును. మనుష్యుల విలువ ఒక్కటే, వారి శక్తి ఒక్కటి కాదు.

ధనికులు ఆదాయపు పన్ను కట్టుచున్నారు గదా అనువారును కలరు. ఆ మాట త్రోసివేయదగినది కాదు. ఆ పన్నులో రాష్ట్రములకు వాటా వచ్చును. కాని మిక్కిలి ధనవంతులపై వేయు సర్‌చార్జి ఆ పంపకములో చేరదు. అది కేంద్రమునకే చెందును. బడులు, ఆసుపత్రులు నడుపు భారము ఎక్కువగా రాష్ట్రములదే. పైవారి యొద్ద తీసికొనలేని రాష్ట్రము పెట్రోలు మీదను, మద్యము మీదను పన్ను వేయును. అప్పుడు ఆటో నడుపువాడు లీటరుకు కారు యజమానితో సమానముగా చెల్లించును.

ఇది ధనికుల మీద అసూయతో చెప్పుమాట కాదు. ఎవని సంపదయు వాని కష్టము వలననే కలుగలేదు. ప్రజాధనముతో వేసిన రోడ్లు, ప్రభుత్వ బడులలో చదివిన పనివారు, న్యాయస్థానముల రక్షణ లేనిదే ఏ కంపెనీయు నిలువదు. ఎక్కువ మేలు పొందినవాడు ఎక్కువ ఇచ్చుట ఋణము తీర్చుకొనుటయే.

ఒక మాట మనలను మనమే అడుగుకొనవలెను. మన తాతలు కూలికి వలస వచ్చిరి. నేడు మన బిడ్డలలో కొందరు బెంగుళూరు, పూణె కంపెనీలలో పెద్ద జీతములు పొందుచున్నారు. ఆ పరిమితి పెరిగిన దినమున కోత పెరుగునది వారి చీటీలోనే. ధనవంతులు ఎక్కువ ఇయ్యవలెనని సంఘములో చెప్పు మనము, ఆనాడు మన యింటిలోను అదే మాట చెప్పగలమా?