చేతిగీతలు, మనిషి రుజువు

మనిషికి రుజువు ఏది? మన గూడేల్లో ఈ ప్రశ్న నెలనెలా రేషన్ మిషన్ ముందు ఎదురవుతుంది.

అరచేతులు, అరికాళ్లు చిన్ననాటి నుంచే మందంగా గట్టిపడి పగిలే అరుదైన జబ్బు ఒకటుంది. పేరు పాల్మోప్లాంటర్ కెరటోడెర్మా. ఎక్కువగా వంశంలో వస్తుంది, అంటుకోదు. పూర్తిగా నయం కాకున్నా యూరియా లేపనాలు చర్మాన్ని మెత్తబరుస్తాయి. అసలు వేలిగీతలే లేకుండా పుట్టేవారూ ఉన్నారు. అందుకు కారణమైన జన్యువును 2011లో ఒక స్విస్ కుటుంబంలో గుర్తించారు. వైద్యులు దాన్ని ‘వలస ఆలస్యపు జబ్బు’ అన్నారు. వాళ్లకు పోయేది సరిహద్దు దగ్గర కొంత సమయం. మనవాళ్లకు పోయేది బియ్యం.

పోడు చేసి, చింతపండు కొట్టి అరిగిన చేతులనూ మిషన్ ఒక్కోసారి గుర్తించదు. దొంగతనం ఆపడానికే మిషన్ పెట్టామంటారు. న్యాయమే. కానీ మిషన్ తడబడితే ఆ నష్టం ఎవరు మోయాలి? ఆకలిగొన్నవాళ్లు మోయడం న్యాయం కాదు. మిషన్ పెట్టినవారే కంటిపాపతోనో, ఊరి సాక్ష్యంతోనో మరో దారి చూపాలి.

మనల్నీ అడుగుకోవాలి. పగిలిన చేయి ఇచ్చిన నీళ్లు తాగడానికి జంకితే, మనమూ మనిషిని వదిలి చర్మాన్నే చూస్తున్నట్టు. ఇది అంటుకోదని బడిలో చెబుదాం. డిపో దగ్గర ఆ మనిషి పక్కన నిలబడి, ఈమె మా ఊరామె అని సాక్ష్యం చెబుదాం.