బదరీ మార్గము – భగవత్సౌలభ్యము

శ్రీమన్నారాయణుడు నిత్యసన్నిధి చేసియున్న 108 దివ్యదేశములలో బదరికాశ్రమ మొకటి. దివ్యప్రబంధమున దీనికి తిరువదరి యని పేరు. నరనారాయణులు తపమాచరించిన పుణ్యస్థల మిది. నారాయణుడే ఆచార్యుడై, నరుడే శిష్యుడై, అష్టాక్షరీ మహామంత్రము లోకమున కవతరించిన దిచ్చటనే యని పూర్వాచార్యులు సెలవిచ్చిరి. శ్రీకృష్ణపరమాత్మ తన అవతారమును చాలించుటకు ముందు ఉద్ధవునకు సర్వోపదేశములు చేసి, కడపట బదరికాశ్రమమునకే పొమ్మని ఆజ్ఞాపించినట్లు శ్రీమద్భాగవతము చెప్పుచున్నది. కావున దాక్షిణాత్యుడైన వైష్ణవుడు ఎంత దూరమున నున్నను, జీవితమున నొక్కసారియైన అలకనందలో తీర్థమాడి బదరీనారాయణుని సేవింపవలెనని ఉవ్విళ్ళూరుచుండుట సహజము.

తిరుమంగయాళ్వారు తమ పెరియ తిరుమొళిలో ఈ క్షేత్రమును రెండు దశకములలో కీర్తించిరి. అందొక దశకమున వార్ధక్యమును వర్ణించి, కఱ్ఱ ఊతగా వంగి నడవవలసిన దినములు రాకమునుపే బదరిని సేవింపుడని హెచ్చరించిరి. ఆ హెచ్చరిక ఊరక చేసినది కాదు. పూర్వము ఋషీకేశము నుండి సుమారు 300 కిలోమీటర్లు కాలినడకన పోవలసియుండెను. నేడు మోటారు రహదారి ఆలయము చెంతకే పోయినది. ఆళ్వారు భయపడిన వయస్సువారే నేడు ఎక్కువగా బదరికి పోవుచున్నారు. ఇది భగవదనుగ్రహమే. కాని అనుగ్రహము లభించినచోట అజాగ్రత్త కూడదు.

ఆలయమునకు చుట్టుప్రక్కల గృహస్థులు సైతము నడువదగిన కాలిదారులు కొన్ని కలవు. మొదటిది మానా గ్రామమునకు పోవు దారి. అలకనంద ఒడ్డునే సుమారు 3 కిలోమీటర్లు సాగును; వాహనములును పోగలవు. గ్రామములోనికి ప్రవేశించిన పిమ్మట రాతిమెట్ల వెంట కొంచెము ఎక్కిన గణేశగుహ, వ్యాసగుహ కానవచ్చును. వ్యాసభగవానుడు చెప్పగా విఘ్నేశ్వరుడు భారతమును లిఖించినది ఇచ్చటనే యని స్థలపురాణము. ఆ పైని గర్జించుచు దూకు సరస్వతీ నదిపై భీమశిల వంతెనవలె నిలిచియున్నది. ఆ సరస్వతి గ్రామము దిగువనే కేశవప్రయాగలో అలకనందతో కలియుచున్నది. రెండవది ఆలయము వెనుకనుండి నీలకంఠ పర్వతము వైపు సుమారు 3 కిలోమీటర్లు ఎక్కు చరణపాదుక దారి. అచ్చట పచ్చికబయలు నడుమ ఒక శిలపై స్వామి పాదముద్రలను సేవింపవచ్చును. మూడవది మానా నుండి 5, 6 కిలోమీటర్ల దూరమునగల వసుధారకు పోవునది. 400 అడుగుల యెత్తునుండి జలధార గాలికి చెదరి తుంపరలై రాలుచుండును. ఆరోగ్యవంతునకు రానుపోను ఒక పగటి పని. దానికి ఆవల సతోపంథమునకు పోవు దారి హిమానీనదముల మీదుగా సాగును. అది అనుమతియు మార్గదర్శకుడును గలిగిన పర్వతారోహకులకే తగినది. యాత్రికులు దానిని దూరమునుండి నమస్కరించుట చాలును.

ఈ దారులు సులభములైనవి ఎట్లు? అవి తమంతట తాము సులభములు కాలేదు. భీమశిల కథయే దీనికి సాక్ష్యము. స్వర్గారోహణమునకు పోవుచు ద్రౌపది సరస్వతీ ప్రవాహమును దాటలేక నిలిచిపోగా, భీముడు మహాశిలను తెచ్చి అడ్డముగా వేసెనని అచ్చటివారు చెప్పుదురు. అంతకు పూర్వమే అరణ్యపర్వమున మరియొక ఘట్టము కలదు. పాండవులు గంధమాదన పర్వతమును ఎక్కుచుండగా ద్రౌపది అలసి మూర్ఛిల్లెను. భీముడు ఘటోత్కచుని తలచెను. ఆతడు వచ్చి తల్లివంటి ద్రౌపదిని మోసికొని నరనారాయణుల ఆశ్రమమునకు చేర్చెను. యజ్ఞవేదిక నుండి పుట్టిన పాంచాలియే బదరికి ఇతరుల భుజములపై చేరెను. కాగా డోలీ యెక్కుటకు, గుఱ్ఱముపై పోవుటకు, నడుమ కూర్చుండుటకు నేటి యాత్రికులు సిగ్గుపడవలసిన పని యేమున్నది?

ఒకరికి సులభమైన ప్రతి దారి వెనుక మరియొకరి శ్రమ యున్నది. 2025 ఫిబ్రవరి 28వ తేదీన మానా సమీపమున రహదారి పనివారల విడిదిపై హిమసంపాతము విరుచుకుపడెను. అచ్చట చిక్కుకొనిన 54 మందిలో 8 మంది ప్రాణములు కోల్పోయిరి. యాత్రికులు మే మాసమున ఏ శ్రమయు లేక వాహనములలో పోవు దారిని శీతకాలమున కాపాడుచుండినవారు వారు. ఆ దారిలో పోవునపుడు స్వామి నామముతోపాటు వారిని కూడ స్మరించుట కృతజ్ఞతాధర్మము.

ప్రపత్తిమార్గమును సులభోపాయ మని పెద్దలు చెప్పుటలోని అంతరార్థమును ఇదియే. కర్మ జ్ఞాన భక్తియోగములు దుర్గమములు. శరణాగతి యందరికిని సుగమము. ఎందువలన? భారమును స్వామియే వహించుచున్నాడు గనుక. అష్టాక్షరీ రహస్యార్థమును పొందుటకై భగవద్రామానుజులు శ్రీరంగము నుండి తిరుక్కోట్టియూరునకు 18 పర్యాయములు పోయిరి. ఆ శ్రమ యంతయు పడి సంపాదించిన దానిని కోరినవారి కందరికిని వెల్లడించిరి. 18 పర్యాయములు ఒకరు నడచినందున, తరువాతివారు ఒక్క అడుగుతోనే అచార్యసన్నిధిని చేరగలిగిరి. సులభమైనదానిని చులకన చేయువాడు, దానిని సులభము చేసినవారి శ్రమను చులకన చేయుచున్నాడు.

బదరిలో ఆ చులకన ప్రాణాపాయమునకు దారి తీయును. అలిపిరి నుండి 3,550 మెట్లెక్కి ఏటేట వేంకటనాథుని సేవించు వారికి, “తిరుమల నెక్కినవారికి ఈ చదునైన దారి యొక లెక్కయా” యను ధీమా కలుగును. తిరుమల సముద్రమట్టమునకు సుమారు 2,800 అడుగుల యెత్తున నున్నది. బదరి 10,200 అడుగుల యెత్తున నున్నది. అచ్చట గాలి ఒత్తిడి తగ్గి, ఒక్కొక్క శ్వాసలో లభించు ప్రాణవాయువు సముద్రతీరమున లభించు దానిలో 100కు 70 పాళ్ళు మాత్రమే. పూర్వులు దినమునకు కొంచెము కొంచెముగా నడచి పోవుటచే వారి దేహము ఆ గాలికి అలవాటు పడెడిది. నేడు 6,000 అడుగుల యెత్తునగల పాండుకేశ్వరము నుండి వాహనములో బయలుదేరినవారు అతిస్వల్పకాలములోనే మరి 4,000 అడుగులు ఎక్కిపోవుచున్నారు. దారి చదునే, కాని గాలి పలుచన. కాలికి తెలియని కష్టము గుండెకు తెలియును.

ఒక వృద్ధమాత తన కుమారునితో బదరికి పోయెను. మొదటి దినమున స్వామిసేవ చక్కగా జరిగినది. మరునాటి ఉదయము మానా చేరి, వ్యాసగుహను సేవించి, భీమశిల యొద్దకు వచ్చునప్పటికి ఆమెకు తల పగిలిపోవునట్లు నొప్పి, వికారము కలిగెను. కుమారుడు నిలిచిపోయెను. ఆమె అతనితో, “నాయనా, నాకేమియు లేదు. వసుధార తీర్థము తలపై చల్లుకొనవలెనని మీ నాన్నగారు కడదాక కోరుకొనిరి. నేనిచ్చట కూర్చుందును. ఆ తీర్థము కొంచెము తెచ్చిపెట్టుము” అనెను. తండ్రి తీరని కోరిక యొకవైపు, తల్లి వాడిన ముఖ మొకవైపు. అతడు చెంబు చేతబట్టుకొని రెండడుగులు ముందుకు వేసెను. ప్రక్కనే ఉన్ని అల్లుచున్న గ్రామవృద్ధురాలు చూచి, హిందీలో, “తల్లిని దింపుకొనిపో బాబూ, కొండ ఎక్కడికిని పోదు” అని పలికెను. అతడు వెనుదిరిగెను. “అమ్మా, నాన్నగారే యుండిన, నిన్నిట్లు విడిచి ఆ వైపు ఒక్క అడుగైన వేయుదురా?” అనెను. ఆమె మారు పలుకలేదు.

వారు వైద్యునకు చూపించి, ఆ సాయంకాలమునకే పాండుకేశ్వరమునకు దిగివచ్చిరి. దిగిన కొలదియు నొప్పి తగ్గెను. తెల్లవారునప్పటికి ఆమె తేరుకొని యోగధ్యానబదరి సన్నిధికి నడచి పోగలిగెను. “అంత దూరము పోయియు తీర్థము తేలేకపోతిమి” అని ఆమె బాధపడగా అర్చకుడు, శీతకాలమున బదరి ఆలయము మూసిన పిమ్మట ఉద్ధవుని ఉత్సవమూర్తి పాండుకేశ్వరమునకే వేంచేయునని తెలిపెను. ఆమె ఒక్క క్షణ మాలోచించి కుమారునితో, “స్వామి సేవయే దిగివచ్చు చోటికి మనమును దిగివచ్చితిమి నాయనా” అనెను. ఆమె కన్నులనుండి జారినవి ఆనందబాష్పములే.

ఆ తల్లి మాటలో శాస్త్రసారమున్నది. అవతార మనగా దిగుట. పరమపదమున నిత్యసూరులకు మాత్రమే గోచరుడైనవాడు వ్యూహముగా, విభవముగా, కడకు అర్చామూర్తిగా మన కందునంత వరకు దిగివచ్చెను. ఆ దిగుటకే సౌలభ్యమని పేరు. దిగుట స్వామికే గుణమైనపుడు భక్తునకు అవమాన మెట్లగును? శీతకాలము రాగానే మానా గ్రామస్థులును దిగువ గ్రామములకు దిగిపోవుదురు. అంతకు ముందు ఆలయము మూయు దినమున, ఆ గ్రామస్త్రీలు నేసిన ఉన్నికంబళిని నేతితో తడిపి స్వామికి కప్పుదురు. ఎక్కవలసిన కాలము, దిగవలసిన కాలము వారికి తెలియును. కొండ యెక్కుట భక్తియైనచో, కొండ చెప్పినపుడు దిగుట శరణాగతి.

కావున యాత్రకు పోవు గృహస్థులు కొన్ని నియమములు పాటించుట శ్రేయస్కరము. ప్రభుత్వము వారి నమోదు ముందుగానే చేయించుకొనవలెను. గుండెజబ్బు, ఉబ్బసము, రక్తపుపోటు గలవారు ఇంటియొద్దనే వైద్యుని అడిగి, మందులు వెంట నుంచుకొనవలెను. దారిలో జ్యోతిర్మఠము వంటి చోట ఒక రాత్రి యైన ఆగవలెను. బదరి చేరిన దినమున స్వామిసేవ తప్ప నడక పెట్టుకొనరాదు. తప్తకుండములో ఎక్కువసేపు మునిగియుండిన తల తిరుగును. స్నానము శీఘ్రముగా ముగింపవలెను. నడకకు ఉదయముననే బయలుదేరి, మధ్యాహ్నము దాటి మబ్బు పట్టకమునుపే మరలిరావలెను. మాటలాడుచు నడువగలిగినంత మెల్లగా నడచుట మంచిది. నామసంకీర్తనము చేయుచు నడచువారికి ఈ నియమము తనంతట తానే సిద్ధించును. దాహము లేకున్నను నీరు త్రాగుచుండవలెను. ఏకాదశి యైనను వృద్ధులు, రోగులు నిరాహారముగా నడువరాదు. వారికి ధర్మశాస్త్రమే సడలింపు నొసగినది.

తలనొప్పి, వాంతి, నిద్రలేమి కలిగిన ఇంకను పైకి పోరాదు. కూర్చుండియున్నను ఆయాసము, అడుగు తడబడుట, మాట తడబడుట కనిపించినచో రాత్రియైనను దిగువకు దింపవలెను. జబ్బుపడినవారిని ఒంటరిగా కూర్చుండబెట్టి పోవుట ఎన్నడును తగదు. దారిప్రక్క పువ్వులు కోయరాదు. తీసికొనిపోయిన సంచులు, సీసాలు తిరిగి తేవలెను. అది నరనారాయణుల తపోవనము. దాని శుచిత్వము యాత్రికుని పూచీ.

వసుధారను చూచినవాడును, భీమశిల యొద్దనుండి మరలినవాడును, ఆలయద్వారమునుండియే నమస్కరించినవాడును బదరీనారాయణునకు సమానులే. ఎంత దూరము నడచితి వని స్వామి అడుగడు. వెంటవచ్చిన వారిని చేయి పట్టుకొని క్షేమముగా ఇల్లు చేర్చినవాని యాత్రయే సంపూర్ణ యాత్ర.