తీర్థం పైనుంచే ఎందుకు పోస్తారు?

వీడియోలో టైం చాలక వదిలేసిన పాయింట్ ఇది. ఫిల్మ్‌నగర్ దైవసన్నిధానానికి వెళ్లినా, పెద్దమ్మ గుడికి వెళ్లినా గమనించండి. ఉద్ధరిణి చేతికి తగలకుండా పూజారిగారు తీర్థం పైనుంచి పోస్తారు. తగిలితే ఎంగిలి. దాన్నే మళ్లీ పాత్రలో ముంచితే అందరి తీర్థమూ ఎంగిలే. ప్లంబింగ్‌లో ఈ ఖాళీ పేరు ఎయిర్ గ్యాప్!

స్నానానికి ముందు చెంబులోకి గోదావరిని పిలుస్తాం కదా. ఎల్లంపల్లి నుంచి ఆ తల్లి నిజంగానే జలమండలి పైపుల్లో నగరానికి వస్తోంది. సప్లై ఆగాక లైన్లో ప్రెషర్ పడిపోతుంది. అప్పుడు మన ఇన్‌లెట్ పైపు కొస సంపు నీళ్లలో మునిగి ఉన్నా, కారు కడిగే బకెట్లో గొట్టం వదిలేసినా, ఆ నీళ్లు వెనక్కి వీధి లైన్లోకి పోతాయి. జూబ్లీహిల్స్ గుట్ట మీది ఎంగిలి కింద బస్తీలో ఓ పసిపాప గ్లాసులోకి చేరొచ్చు. దీన్ని నేను ప్లంబింగ్ తప్పు అనను, అపచారం అంటాను.

లైన్‌కే మోటార్ బిగిస్తే ఇంకా ఘోరం, పైపు పగుళ్లలోంచి డ్రైనేజీ నీళ్లనీ లాగేస్తుంది. 2025 ఏప్రిల్‌లో జలమండలి డ్రైవ్ పెట్టి అలాంటి మోటార్లు సీజ్ చేసింది, 5,000 రూపాయల జరిమానా కూడా.

ఈ ఆదివారం సంపు మూత తీసి చూడండి. సంపు నిండినా పైపు కొస నీళ్లకు పైనే ఉండాలి. లేకపోతే ప్లంబర్‌తో కోయించేయండి, పది నిమిషాల పని.