ఎవరి పాటకు ఎన్ని చెవులు

చి. కీర్తనకు,


నీ మెసేజ్ చదివాను. నలుగు పాట వీడియో పెట్టి నెల దాటినా మూడొందల వ్యూస్ రాలేదనీ, అదే వారం మీ క్లాస్‌మేట్ పెట్టిన పాటకు లక్షల్లో వచ్చాయనీ, ‘నాకు పాడటం రాదేమో మామయ్యా’ అనీ రాశావు. నీకు పాడటం వచ్చు తల్లీ. రెండో చరణంలో శ్రుతి కాస్త జారింది, అది సాధనతో కుదురుకుంటుంది. ఆ అంకెను చూసి నీ గొంతుకు మార్కులు వేసుకోవడం మాత్రం మానుకో. అలాంటి అంకె ఎలా పుడుతుందో గట్టిగా పరీక్షించి చూసినవాళ్లున్నారు.

అమెరికాలో మాథ్యూ సాల్గానిక్, పీటర్ డాడ్స్, డంకన్ వాట్స్ అనే ముగ్గురు పరిశోధకులు ఇంటర్నెట్‌లో ఒక పాటల అంగడి పెట్టారు. ఎవరికీ పెద్దగా తెలియని బ్యాండ్లవి 48 పాటలు. 14,341 మంది వచ్చి విన్నారు, నచ్చినవి డౌన్‌లోడ్ చేసుకున్నారు. కొందరికి పాటల, బ్యాండ్ల పేర్లు తప్ప ఇంకేమీ కనిపించలేదు. మిగతావాళ్లను ఎనిమిది గుంపులుగా విడదీసి, ఏ పాటను తమ గుంపులో ఎంతమంది తీసుకున్నారో ఆ లెక్క చూపించారు. పాటలు అవే, మొదలు అందరికీ సున్నా నుంచే. అయినా ఒక్కో గుంపులో ఒక్కో పాట గద్దెనెక్కింది. ‘లాక్‌డౌన్’ అనే పాటనే తీసుకో. లెక్క కనిపించనివాళ్ల దగ్గర అది 26వ స్థానంలో, అంటే నడిమధ్యన ఉంది. లెక్క కనిపించిన ఒక గుంపులో మొదటి స్థానం కొట్టింది, ఇంకో గుంపులో నలభయ్యోది. మొదట వచ్చిన కొద్దిమంది ఏది నొక్కారో, తర్వాతివాళ్లలో చాలామంది దాని వెంటే పోయారు. పాటల్ని డౌన్‌లోడ్ల వరుసలో పేర్చి చూపిస్తే హెచ్చుతగ్గులు ఇంకా పెరిగాయి. నీ ఫోన్‌లో పొద్దస్తమానం జరిగేది ఇలాంటి పేర్చడమే. 2006లో ‘సైన్స్’ పత్రికలో ఆ అంగడి ఫలితాలు అచ్చయ్యాయి.

దీన్నిబట్టి అంతా జాతకమే అనుకునేవు. అలా కాదు. మరీ మంచి పాటలు అట్టడుగుకు పోవడం, మరీ చెత్తవి పైకెక్కడం ఆ అంగడిలో అరుదే. మధ్యలో ఉన్నవాటి గతే ఎటైనా తిరిగింది. నువ్వూ నేనూ మనకు తెలిసినవాళ్లూ చాలావరకు ఆ మధ్యలోనే ఉంటాం. కాబట్టి సాధన ఆపకు. అన్నట్టు మీ అమ్మమ్మ పాడే నాలుగో చరణం నీ వీడియోలో లేదు. మీ పెద్దమ్మకు కంఠతా వచ్చు. ఆవిడ ఫోనెత్తదు, ఇంటికే వెళ్లి నేర్చుకో.

పేరు పేరును ఎలా తెస్తుందో మస్తానమ్మగారి విషయంలో చూశావుగా. గుంటూరు జిల్లాలో మునిమనవడూ అతని స్నేహితుడూ కలిసి ఆవిడ వంటను వీడియో తీసి ‘కంట్రీ ఫుడ్స్’ పేరుతో యూట్యూబ్‌లో పెట్టారు. పుచ్చకాయ డొల్లలో వండిన కోడికూర ఏయే దేశాలు తిరిగిందో! పేరు వచ్చాక పేపర్లవాళ్లు వచ్చారు, వాళ్లు రాశాక చూసేవాళ్లు ఇంకా పెరిగారు. 2018లో ఆవిడ పోయేనాటికి చానల్‌కు పది లక్షలమందికి పైగా సబ్‌స్క్రైబర్లు. ఆవిడ చేతిలో రుచి లేదని ఎవరంటారు? కానీ అలా కట్టెలపొయ్యి మీద కమ్మగా వండే ముసలమ్మలు మన ఊళ్లలో కొల్లలు. వాళ్లకు కెమెరా పట్టే మునిమనవడు లేడు, అంతే. ఉన్నా ఇంతమందినీ చూడాలంటే మనకు తీరికేదీ? చూపించేది ఎంత పెరిగినా చూసేవాళ్ల రోజుకు గంటలు ఇరవై నాలుగే. అందరికీ చెవులు దొరక్కపోవడం ఎవరి తప్పూ కాదు. అందుకని, మీ క్లాస్‌మేట్ మీద కుళ్లుకోకు. ఆ పిల్ల నీ నోటి దగ్గరది ఏమీ లాక్కోలేదు.

లైకులు మార్చుకునే గ్రూపులో చేరనా అని అడిగావే, అక్కడ నాకు నిజంగా కష్టమనిపించింది. వద్దమ్మా. సాల్గానిక్, వాట్స్ ఆ తర్వాత ఇంకో పరీక్ష చేశారు. ఈసారి లెక్కను కావాలని తలకిందులు చేసి, జనం తక్కువ తీసుకున్న పాటల్ని ఎక్కువ తీసుకున్నట్టు చూపించారు. కొన్ని పాటలకు ఆ దొంగ పేరు అలాగే నిలిచిపోయింది. అన్నిటికంటే మంచి పాటలు మెల్లమెల్లగా మళ్లీ పైకి పాకాయి. కానీ మొత్తంమీద డౌన్‌లోడ్లు తగ్గాయి. తప్పుడు లెక్కను నమ్మి వచ్చినవాడు బాగాలేనిది విని, విసుగెత్తి వెళ్లిపోతే ఇంకెవరి పాటా వినడు. నువ్వు అలా తెచ్చుకునే వంద లైకుల ఖరీదు ఇలా పక్కవాళ్ల మీద కూడా పడుతుంది.

ఇంతకీ, నీకు రాని లైకుల గురించి ఇంత రాశావు, నువ్వు ఎవరికి కొడుతున్నావో చెప్పలేదు. 2013లో వచ్చిన ఇంకో పరిశీలన ఉంది. ఒక వార్తల సైట్‌లో లక్షకు పైగా వ్యాఖ్యలు తీసుకుని, కొన్నిటికి పుట్టగానే, మంచిచెడ్డలు చూడకుండా, ఒక్క అనుకూల ఓటు వేశారు. ఆ ఒక్క ఓటుతో, తర్వాత చూసిన మొదటి మనిషి కూడా అనుకూలంగా వేసే అవకాశం 32 శాతం పెరిగింది. చివరికి వాటి సగటు రేటింగు 25 శాతం ఎక్కువ తేలింది. ఊరికే ప్రతికూల ఓటు వేసినవాటిని మాత్రం జనమే సరిదిద్దారు. లక్ష దాటిన వీడియోకు నువ్వు కొట్టే లైకుతో ఒరిగేది ఏమీ లేదు. ఎవరూ చూడని దానికి కొట్టే మొదటిది అలాంటిది కాదు.

ఈ రాత్రి ఫోన్ తీసినప్పుడు పైన కనిపించేవి దాటి కిందికి వెళ్లు. పది వ్యూస్ కూడా లేని పాట ఒకటి చివరిదాకా విను. బాగుంటే లైకుతో ఆపకు, ఏ చోట బాగుందో ఒక ముక్క రాయి. బాగోకపోతే జాలిపడి పొగడకుండా ఊరుకో. ఎవరిది విన్నావో నాకూ పంపు, నేనూ వింటాను.

ఇట్లు,
మీ మామయ్య