సరియైన అంకె, అబద్ధ సాక్ష్యము

బి.ఎస్‌సి. ముగించి ఎం.ఎస్‌సి. భౌతికశాస్త్రములో చేరిన విద్యార్థికి విశ్వవిద్యాలయములోని మొదటి వారము అనేక విధముల శోధనకాలము. వసతిగృహములోని గది, మెస్సు భోజనము, క్రొత్త ముఖములు, ఇంగ్లీషులో వేగముగా సాగిపోవు ఉపన్యాసములు, ఇవన్నియు కొన్ని దినములలో అలవాటగును. తన కళాశాలలో మొదటివాడుగా నిలిచినవాడు ఇక్కడ అనేకులైన మొదటివారిలో ఒకడగును. అదియు అతనికి మేలే. అయితే ఎవరును పరీక్షయని పేరు పెట్టని పరీక్ష యొకటి ప్రయోగశాలలో అతనికొరకు వేచియుండును. దానికి హాల్‌టిక్కెట్టు లేదు, ఫలితములు ప్రకటింపబడవు.

ఎలక్ట్రానుయొక్క ఆవేశమునకును దాని ద్రవ్యరాశికిని గల నిష్పత్తిని థామ్సన్ పద్ధతిచే కనుగొనుట విద్యార్థులు చేయు ప్రయోగములలో నొకటి. కాథోడ్ కిరణ నాళికను ఉత్తర దక్షిణములుగా నుంచి, ఇరుప్రక్కల దండాయస్కాంతములను అమర్చి, తెరమీది వెలుగుచుక్క ఎంత జరిగినదో చూడవలెను. పిమ్మట అయస్కాంతక్షేత్రమును మాగ్నెటోమీటరుతో కొలువవలెను. రావలసిన విలువ ముందే పుస్తకములో నున్నది: కిలోగ్రాముకు 1.76 × 10¹¹ కూలుంబులు. క్రొత్త విద్యార్థి ఒకడు రెండు గంటలు శ్రమించి లెక్కవేయగా 1.5 వచ్చినదని భావింపుడు. ఆ సాయంకాలము సీనియరు విద్యార్థి తన పాత రికార్డుతో వచ్చి స్నేహభావముతోనే సలహా చెప్పును: “తమ్ముడూ, 1.74 వేసెయ్. సరిగ్గా 1.76 వేస్తే అనుమానం వస్తుంది. అక్కణ్ణుంచి వెనక్కి లెక్క కట్టుకుంటూ వచ్చి రీడింగులు సర్దుకో. మేమందరం చేసిందే.”

ఈ మాటలో దుర్మార్గమేమియు కనబడదు. ఇందువలన నష్టపోవువాడు లేడు. పరీక్షాధికారికి కావలసిన అంకె దొరకును; విద్యార్థికి మార్కులు దొరకును. అన్నింటికంటె బలమైన వాదము ఇంకొకటి కలదు: 1.76 అనునది నిజమైన విలువయే గదా! పొరపాటైన 1.5ను కొట్టివేసి సత్యమునకు దగ్గరగానున్న అంకెను వ్రాయువాడు అబద్ధికుడెట్లగును? యథార్థతను ప్రేమించు యౌవనులు సహితము ఈ ప్రశ్నయొద్దనే తడబడుదురు గనుక దీనిని తేలికగా త్రోసివేయరాదు.

రికార్డు పుస్తకము ఏమి చెప్పుచున్నదో గమనించినయెడల ప్రశ్న విడిపోవును. “ఎలక్ట్రాను స్వభావము ఇది” అని అది చెప్పుటలేదు. ఆ సంగతి చెప్పుటకు పాఠ్యగ్రంథములున్నవి. “ఈ దినమున, ఈ పరికరముతో, ఈ బల్లయొద్ద కూర్చుండి నేను చూచినది ఇది” అని అది చెప్పుచున్నది. అనగా అది సిద్ధాంతము కాదు, సాక్ష్యము. న్యాయస్థానములో నిలిచినవాడు నేరస్థుడు నిజముగా నేరము చేసినవాడేయైనను, తాను చూడనిదానిని చూచితినని చెప్పినయెడల అది అబద్ధ సాక్ష్యమే. పది ఆజ్ఞలలో నొకటి నిషేధించినది ఇదే. అంకె సత్యమై యుండవచ్చును, సాక్షి అబద్ధికుడై యుండవచ్చును. ఈ రెండును ఒకే పంక్తిలో ఇముడుటయే ఈ శోధనలోని మర్మము.

చూచినదానిని చూచినట్లు వ్రాయుటవలన ఏమి కలుగునో శాస్త్రచరిత్ర తెలుపుచున్నది. యోహానెస్ కెప్లర్ సంఘ పరిచర్యకొరకు ట్యూబింగెన్‌లో వేదాంతము చదివి, 1594లో గ్రాజ్ పట్టణములో గణితము బోధించుటకు పంపబడెను. 1600లో అతడు టైకో బ్రాహీయొద్ద చేరి అంగారక గ్రహపు మార్గమును వెదకసాగెను. కొన్ని సంవత్సరముల శ్రమతో వృత్తాకార మార్గముపై అతడు కట్టిన లెక్కకును టైకో పరిశీలనలకును 8 నిమిషముల కోణము మాత్రమే భేదము కనబడెను. పూర్ణచంద్రుని వెడల్పులో అది నాలుగవ వంతు. దూరదర్శిని యింకను లేని ఆ దినములలో చేసిన పరిశీలనలు గనుక, భేదమును వాటిమీద నెట్టివేసినను ఎవరును నిందించియుండరు. టైకో అంతగా పొరపడువాడు కాడని కెప్లర్ ఎరుగును. అట్టి శ్రద్ధగల పరిశీలకుడు దేవుని దయవలన దొరికెను గనుక ఆ వరమును కృతజ్ఞతతో అంగీకరింపవలెనని తలంచి, తన లెక్కనే విడిచిపెట్టెను. గ్రహమార్గము వృత్తము కాదు, దీర్ఘవృత్తమని 1609లో ప్రకటించెను. ఆ 8 నిమిషములను సర్దివేసియున్నయెడల ఆ ద్వారము అతనికి తెరువబడకపోవును.

రేలీ ప్రభువు దృష్టాంతము ఇంకను సమీపమైనది. గాలినుండి తీసిన నత్రజని, అమ్మోనియానుండి తీసిన నత్రజనికంటె కొంచెము బరువుగా నున్నట్లు ఆయన కనుగొనెను. భేదము మొదట వేయింట ఒక పాలు. మరియొక విధముగా చేయగా రెండువందలలో ఒక పాలు. కారణము తనకు తెలియలేదని 1892లో ‘నేచర్’ పత్రికలో బహిరంగముగా వ్రాసి, రసాయనశాస్త్రజ్ఞుల సలహా కోరెను. రెండు సంవత్సరముల పిమ్మట, 1894లో, ఆయనయు విలియం రామ్సేయు ఆర్గాన్ వాయువును ప్రకటించిరి. ప్రతి మనుష్యుడు ప్రతి శ్వాసలో పీల్చుచున్న గాలిలో నూటికి సుమారు ఒక పాలుగా అది అంతకాలము దాగియుండెను. పేరుపొందిన విద్వాంసుడు “నాకు అర్థము కాలేదు” అని వ్రాయుటకు సిగ్గుపడలేదు గనుక అది బయలుపడెను.

అయితే అబద్ధమాడకుండుట ఒక్కటే చాలదని తెలుపు సంగతియు కలదు. మిల్లికన్ నూనెబిందువుల ప్రయోగముచే ఎలక్ట్రాను ఆవేశమును కొలిచి 1913లో ప్రకటించిన విలువ కొంచెము తక్కువ. గాలి స్నిగ్ధతకు ఆయన తీసికొనిన విలువ సరియైనది కాదు. తరువాతి వారి విలువలు ఒక్కసారిగా సరియైన స్థానమునకు రాక, మెల్లమెల్లగా పైకి ప్రాకెను. దీనికి కారణమును రిచర్డ్ ఫైన్‌మన్ 1974లో కాల్టెక్ పట్టభద్రులతో మాటలాడుచు వివరించెను. మిల్లికన్ విలువకంటె చాల హెచ్చుగా వచ్చినప్పుడు వారు తప్పు ఎక్కడనున్నదో గట్టిగా వెదకిరి. దగ్గరగా వచ్చినప్పుడు అంతగా వెదకలేదు. వారు లేని రీడింగులను కల్పించిన మోసగాండ్రు కారు. ఇష్టమైన ఫలితమునకు ఒక తూనికరాయి, ఇష్టము కానిదానికి మరియొక తూనికరాయి వాడిరి, అంతే. ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయములో ధర్మశాస్త్రము వర్తకుని సంచిలో ఉండరాదని చెప్పినవి ఇట్టి రెండు విధముల రాళ్లే. ప్రయోగశాలకును అంగడికిని నీతి ఒక్కటే.

కాబట్టి 1.5 వచ్చిన విద్యార్థి చేయవలసినదేమి? దానిని వ్రాయవలెను, అయితే అది తనది గనుక సరియైనదని అతిశయింపరాదు. యథార్థతకు వినయము తోడుండవలెను. బల్లక్రింద ఇనుపచట్ట మున్నదా? ప్రక్క విద్యార్థి అయస్కాంతములు దగ్గరగా నున్నవా? సూదిని నిట్టనిలువుగా పైనుండి చూచెనా? ఈ లెక్కలో క్షేత్రముయొక్క వర్గము వచ్చును గనుక, దానిని కొలుచుటలో నూటికి 8 పాళ్ల పొరపాటే 1.76ను 1.5కు దించుటకు చాలును. ఇట్లు వెదకి, మరల చేసి, వచ్చినదానిని మొదటి దానిప్రక్కనే వ్రాయువాడు ఎలక్ట్రానునుగూర్చి మాత్రమే గాక తన కన్నులనుగూర్చియు నేర్చుకొనును. వెనుకకు లెక్కకట్టినవాడు ఆ రెండును నేర్చుకొనడు.

దీనికి వెల లేదని చెప్పుట న్యాయము కాదు. మార్కులు తగ్గవచ్చును. ఉపకారవేతనముమీద ఆధారపడి, ఇంటినుండి మనియార్డరు రాని విద్యార్థికి, తండ్రి పొలము కుదువబెట్టి చదివించుచున్న విద్యార్థికి ఆ మార్కులు చిన్నవి కావు. అందుచేత నిందలో అధిక భాగము పనిని చూడక జవాబునే చూచి మార్కులు వేయు గురువులది. శిష్యుడు సత్యము చెప్పినందుకు నష్టపోవు ఏర్పాటు చేసి, పిమ్మట అతని యథార్థతను గూర్చి ఉపన్యసించుట తగదు. 1.5 వ్రాసి కారణములను చక్కగా విచారించినవానికి, 1.74 వ్రాసి ఏమియు విచారింపని వానికంటె హెచ్చు మార్కులు వేయు అధ్యాపకుడు ఒక గంటలో చేయు బోధ, నీతివాక్యములు సంవత్సరమంతయు చేయలేవు.

మందు పరీక్షించువాడు, వంతెన ఉక్కును పరీక్షించువాడు, నీటిలోని విషమును కొలుచువాడు ఒకనాడు ఇట్టి బల్లలయొద్ద కూర్చుండినవారే. వారు వ్రాయు అంకెను నమ్మి ఎరుగని ప్రజలు మ్రింగుదురు, దాటుదురు, త్రాగుదురు. అప్పుడు సరిచూచుకొనుటకు పుస్తకములో ముందే అచ్చైన జవాబు ఉండదు. సాక్షి మాత్రమే యుండును. కొంచెములో నమ్మకముగా నుండుటకు ఎవరికిని నష్టము లేని ఈ చిన్న రీడింగుకంటె తగిన స్థలము దొరకదు. ఎరుగని మనుష్యుల ప్రాణములు ఆధారపడు దినమున నిజము వ్రాయగల చెయ్యి, ఏమియు ఆధారపడని దినమున ఆ అలవాటు నేర్చుకొనిన చెయ్యియే.