రిచీ హాటిన్ సంగీతంలో శూన్యత

ప్లాస్టిక్‌మ్యాన్ పేరుతో టెక్నో సంగీతంలో ప్రసిద్ధుడైన రిచీ హాటిన్ 1970 జూన్ 4న ఇంగ్లండ్‌లోని బాన్‌బరీలో పుట్టాడు. తొమ్మిదో ఏట కుటుంబంతో కెనడా చేరి, ఆంటారియో రాష్ట్రంలో విండ్సర్‌ను ఆనుకుని ఉన్న లాసాల్‌లో పెరిగాడు. తండ్రి జనరల్ మోటార్స్‌లో రోబోటిక్స్ టెక్నీషియన్. అక్కడి నదికి ఆవలి ఒడ్డున అమెరికా నగరం డెట్రాయిట్. హువాన్ ఆట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ అనే నల్లజాతి యువకులు 1980లలో టెక్నోకు రూపమిచ్చింది ఆ నగరంలోనే. హాటిన్ పదిహేడేళ్ల ప్రాయంలోనే నది దాటివెళ్లి అక్కడి క్లబ్బుల్లో డీజేగా నిలబడ్డాడు.

1990లో జాన్ ఆక్వావివాతో కలిసి ప్లస్ 8 రికార్డు సంస్థను ప్రారంభించాడు. డీజే టర్న్‌టేబుల్ వేగాన్ని పెంచగలిగే గరిష్ఠ శాతమే ఆ పేరుకు మూలం. 1993లో 'షీట్ వన్', 1994లో 'మ్యూజిక్' ఆల్బమ్‌లు వచ్చాయి. 1995లో పని అనుమతి లేదన్న కారణంతో అమెరికా సరిహద్దు అధికారులు ఆయన ప్రవేశాన్ని నిషేధించారు. ఆ నిషేధం ఏడాదికి పైగా సాగింది. కళ్లెదుటే ఉన్న డెట్రాయిట్‌కు వెళ్లలేని ఆ కాలంలో హాటిన్ సంగీతం మితమైపోయింది. 1996 నాటి 'కాన్సెప్ట్ 1' రికార్డుల్లోనూ, 1998 నాటి 'కన్స్యూమ్డ్' ఆల్బమ్‌లోనూ స్వరాలు, దరువులు ఒక్కొక్కటిగా తప్పుకుంటాయి. లోతైన బేస్, దీర్ఘమైన ప్రతిధ్వని, వాటి నడుమ విశాలమైన ఎడం మిగులుతాయి. చిత్రకారుడు మార్క్ రోత్కో, శిల్పి అనీశ్ కపూర్ తనను ప్రభావితం చేశారని హాటిన్ చెప్పాడు. 'కన్స్యూమ్డ్'ను శూన్యానికి నాదరూపంగా వినడం శ్రోతలకు అలవాటు.

ఆ వినికిడి సహజమే కానీ, తాత్త్వికంగా అసంపూర్ణం. శూన్యాన్ని అందరికంటే నిశితంగా విచారించినవాడు బౌద్ధ తాత్త్వికుడు ఆచార్య నాగార్జునుడు. సంప్రదాయం ఆయన పేరును కృష్ణాతీరంలోని శ్రీపర్వతంతో ముడిపెడుతుంది. 'మూలమధ్యమక కారిక' 24వ ప్రకరణంలో ఆయన చెప్పేదాని సారం ఇది: ఇతర హేతువులను ఆశ్రయించి పుట్టే ప్రతిదీ శూన్యమే. అంటే ఆ వస్తువు లేదని కాదు, తనంతట తాను నిలిచే స్వభావం దానికి లేదని. శూన్యాన్నే ఒక పదార్థంలా పట్టుకుని కూర్చున్నవారిని బాగుచేయడం సాధ్యం కాదని కూడా ఆయన హెచ్చరించాడు. 'కన్స్యూమ్డ్'లోని నిశ్శబ్దాన్ని పూజించే శ్రోతకు ఎదురయ్యే ప్రమాదం సరిగ్గా ఇదే. శబ్దం తగ్గినంత మాత్రాన శూన్యత పెరగదు.

ఈ దృష్టితో చూస్తే, హాటిన్ కృతుల్లో నాగార్జునుడి మాధ్యమిక చింతనకు నిజంగా దగ్గరైనది 2001లో వచ్చిన 'డీఈ9: క్లోజర్ టు ది ఎడిట్'. చెవికి అది నిండుగా, ఎడతెగకుండా వినిపిస్తుంది. ఇతరులవి, తనవి కలిపి ఎన్నో రికార్డులను కోసి, ఒక్క స్వరం మొదలు నాలుగు బార్ల దాకా ఉన్న వందలాది లూప్‌లుగా విడగొట్టి, వాటిని మళ్లీ పేర్చి ఆయన దాన్ని నిర్మించాడు. ఏ పాట ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగిసిందో చెప్పలేం. ఒక లూప్‌కు ఉన్న అర్థం పక్కన ఏముందన్న దాన్ని బట్టి మారిపోతుంది. విడిగా తీస్తే అది కేవలం ఒక టిక్కు శబ్దం. ప్రతీత్యసముత్పాదాన్ని, అంటే ప్రతిదీ ఇతర హేతువులను ఆశ్రయించి పుడుతుందన్న సూత్రాన్ని, ఇంత స్పష్టంగా చెవికి వినిపించే ఆధునిక కృతులు అరుదు. హాటిన్ నాగార్జునుణ్ని చదివాడా లేదా అన్నది ఇక్కడ అప్రస్తుతం. కృతి నిర్మాణమే సాక్ష్యం.

అయితే పరాధీనతను ఒప్పుకుంటే రుణాన్నీ ఒప్పుకోవాలి. ప్లస్ 8 తొలి రికార్డు మీద అది డెట్రాయిట్ భవిష్యత్ నాదమని ముద్ర వేసినప్పుడు అక్కడి సంగీతకారులు కోపగించుకున్నారు. వారి కోపం న్యాయమైనది. తాను పుట్టడానికి కారణమైన దాన్ని పక్కకు తోసి, స్వతంత్రంగా నిలిచినట్టు చెప్పుకోవడం నాగార్జునుడు ఖండించిన స్వభావవాదానికి సామాజిక రూపం. కర్త అనేవాడు స్వయంసిద్ధుడు కాడన్న వాదాన్ని అడ్డుపెట్టుకుని మూలకర్తల పేర్లు చెరిపేయడం చెల్లదు. ఆ వాదం ఆ పేర్లను చెప్పితీరాలనే కోరుతుంది. 'డీఈ9' పాటల పట్టికలో మూల కళాకారుల పేర్లు కనిపించడం ఈ కారణంగా ముఖ్యం.

'కన్స్యూమ్డ్' కూడా మూసుకుపోయిన కృతిగా మిగల్లేదు. కెనడాకే చెందిన పియానో కళాకారుడు చిల్లీ గొంజాలెస్ దానిపై తన పియానో చేర్చగా, మాంట్రియల్ డీజే టీగా చొరవతో 2022లో అది 'కన్స్యూమ్డ్ ఇన్ కీ'గా వెలువడింది. హాటిన్ వదిలిన ఎడాల్లోకి మరొకరి చేతి స్వరాలు వచ్చి చేరాయి, ఆయన సమ్మతితోనే.